నాలుగు దారాల డిఫరెన్షియల్

ఎద్దు ఈనిందంటే దూడను గాటికి కట్టెయ్యమన్నాడట వెనకటికొకడు. టైలరమ్మ ఫోన్లో చేసిన నిర్వాకం అచ్చంగా అదే. కాకపోతే ఆమె అక్కడితో ఆగకుండా, ఆ దూడ ఏ రంగుదో కూడా చెప్పింది.

మంగళవారం పొద్దున భోజనాల బల్ల మీద గుడ్డ పరిచి, వాన్ కిటికీలకు తెరలు కత్తిరిస్తోంది. నోట్లో నాలుగు గుండుసూదులున్నాయి. ఫోన్ మోగింది. వాన్‌ని బాగుకి ఇచ్చిన వర్క్‌షాపు మెకానిక్. ఆ మనిషిని అందరూ నిదానం అంటారు. ఏ మాటకైనా ముందు "నిదానంగా" అని తగిలిస్తాడు కనక ఆ పేరొచ్చింది గాని, పనిలో అతడు చురుకే.

"నిదానంగా వినండక్కా. డిఫరెన్షియల్ ఏ రకం పెట్టమంటారు?" అన్నాడు.

టైలరమ్మ సూదులు తీసి పక్కన పెట్టింది. గుడ్డ అంచులు కుట్టే ఆమె ఓవర్‌లాక్ మిషన్‌కి కుడిపక్కన చిన్న మర ఒకటుంటుంది. సాగే గుడ్డ కుట్టేటప్పుడు అంచు సాగిపోకుండా ముడుచుకుపోకుండా దాన్ని అటూ ఇటూ తిప్పి సర్దాలి. దాని పేరు డిఫరెన్షియల్. ఇరవయ్యేళ్లుగా ఆ మాటకి ఆమెకి తెలిసిన అర్థం అదొక్కటే. పైగా వాన్లో ఆ మిషన్‌కి బల్ల బిగించాలని వడ్రంగికి కొలతలిచ్చి రెండు రోజులే అయింది. ఇంకేం, అడిగింది దాని గురించే అనుకుంది.

"కొత్తదెందుకు తమ్ముడూ, నా దగ్గరుందిగా."

"మీ దగ్గరుందా?"

"ఇరవయ్యేళ్ల నుంచి వాడుతున్నాను. నాలుగు దారాలది."

అవతల ఎక్కడో సుత్తి దెబ్బలు వినబడుతున్నాయి.

"నాలుగు... దారాలా?"

"మూడు దారాలది నాసిరకం. నాలుగు ఉతుకులకే విడిపోతుంది."

"నిదానంగా చెప్పండక్కా. అయితే లాక్ కావాలంటారా?"

"ఓవర్‌లాకే. అది లేకుండా నేను గుమ్మం దాటను."

"సరే, రాసుకుంటున్నా" అన్నాడు నిదానం. ఇద్దరూ ఫోన్లు పెట్టేశారు, ఒకరి మాట ఒకరికి పూర్తిగా అర్థమైందన్న తృప్తితో.

ఈ వాన్ కథ కొంచెం చెప్పాలి. ఒకప్పుడు అది బ్రెడ్డు చేరవేసే బండి. ఎండలో నిలబెడితే ఇప్పటికీ లోపల బ్రెడ్డు వాసన వేస్తుంది. ముప్ఫై ఒక్క ఏళ్లు నడిపిన కుట్టు దుకాణం మూసేసి, టైలరమ్మ దాన్ని కొనుక్కుంది. లోపల మంచం, పొయ్యి, మడతపెట్టే బల్ల పెట్టించింది. జనం నడుములు కొలిచి కొలిచి విసిగిపోయింది, ఇక కొన్నాళ్లు చెరువులూ కొండలూ చూడాలనుకుంది. నడిపేందుకు మనిషిని వెతుక్కోనక్కర్లేదు కదా, ఇంట్లోనే ఉన్నాడనుకుంది. ఆమె భర్త ముప్ఫై మూడేళ్లు బస్సు నడిపిన మనిషి. ఒక్క గీత కూడా పడనివ్వలేదు, బస్సు మీదా, పేరు మీదా.

తానొకటి తలిస్తే అన్నట్టు, ఆయనకి పక్క చూపు పోయింది. ఎదురుగా ఉన్నది శుభ్రంగా కనబడుతుంది. అటూ ఇటూ ఉన్నది మాత్రం లేదు, గొట్టంలోంచి చూస్తున్నట్టు. డాక్టరు చుక్కలూ మందులూ రాసి, ఇక బండి ముట్టుకోవద్దన్నాడు. లైసెన్సు వాళ్లూ అదే మాట అన్నారు. ఆ వేళ ఇంటికొచ్చి ఆయన షూ పాలిష్ చేసుకున్నాడు, మర్నాడు డ్యూటీ ఉన్నట్టు. తర్వాత ఆ షూ తీసి అటక మీద పెట్టేశాడు.

అందుకని టైలరమ్మే నేర్చుకుంది, యాభై ఆరో ఏట. మిషన్ తొక్కిన కాలికి క్లచ్చు ఒక లెక్కా అనుకుంది గాని లెక్కే అయింది. మూడోసారికి పరీక్ష పాసైంది. అప్పట్నుంచి ఆయన పక్క సీటు. పక్క సీట్లో బ్రేకుండదు. ఆయన కాలు ఊరుకోదు. మలుపు మలుపుకీ ఉత్త చాపని తొక్కీ తొక్కీ, ఆ రబ్బరు చాప అక్కడ నున్నగా అరిగిపోయింది.

పోయిన నెలలో మొదటి ప్రయాణం. చెరువు ఒడ్డున గడ్డిమైదానంలో ఆగారు. పొద్దున్నే వాన పడింది. బయల్దేరదామని కదిపితే వెనక చక్రం ఒకటి గిర్రున తిరుగుతూ, పక్కన గుడారం వేసుకున్న వాళ్ల ఉతికిన బట్టల మీదికి బురద చిమ్మింది. రెండోది ఇల్లరికపు అల్లుడిలా ఉన్నచోటే ఉంది, కదలదు మెదలదు. ఆమె ఇంకా తొక్కింది. ఇంకా దిగబడింది. పక్కసీట్లోంచి ఆయన "నేనైతే..." అన్నాడు. అని ఊరుకున్నాడు.

ట్రాక్టరు వచ్చి లాగింది. దారి పొడుగునా ఇద్దరూ మాట్లాడుకోలేదు. ఆయన ఆ వాక్యం పూర్తి చేసి ఉంటే ఆమె దెబ్బలాడేది, ఏడ్చేది, అంతటితో పోయేది. సగంలో వదిలేసిన మాట గుచ్చుకున్న ముల్లులా లోపలే ఉండిపోయింది. ఆ రోజు నుంచి ఆమె స్టీరింగ్ ముట్టుకోలేదు. వాన్‌ని వర్క్‌షాపుకి కూడా నిదానం వచ్చి తీసుకెళ్లాడు. ఆమె మనసులో ఒకటే ప్రశ్న మిగిలింది. ఆయన దృష్టిలో తను ఆ బండికి డ్రైవరా, లేక ఆయన లేని లోటుని ఎలాగో నెట్టుకొస్తున్న మనిషా? రెండోదే అయితే తాళం చెవి మేకుకి తగిలించేస్తుంది, మళ్లీ తియ్యదు. ఈ సంగతి ఆయనకి చెప్పలేదు. చెప్పి తెలుసుకునే సంగతి కాదది.

బుధవారం ఇద్దరూ వర్క్‌షాపుకి వెళ్లారు. వాన్ వెనక భాగం ఇనుప స్టాండ్ల మీద లేచి ఉంది. ఇరుసు విప్పి, మధ్యలో ఉన్న గేర్ల డబ్బాని పాత గుడ్డతో కప్పి పెట్టారు. నిదానం చేతులు తుడుచుకుంటూ వచ్చి, సరాసరి ఆమె భర్త ముందు నిలబడి మాట మొదలుపెట్టాడు.

"బావగారూ, అక్కేమో లాక్ అన్నారు. నేను నిదానంగా ఆలోచిస్తే..."

"నేనెప్పుడన్నాను?" అంది టైలరమ్మ.

నిదానం జాబ్ కార్డు తెచ్చాడు. ఆయన దాన్ని ముఖానికి ఎదురుగా పట్టుకుని, తలని ఒక కొస నుంచి ఇంకో కొసకి జరుపుతూ పైకి చదివాడు. "కస్టమరు కోరిక. ఓవర్ లాక్. నాలుగు దారాలు. పాతది కస్టమరు దగ్గరే ఉంది."

చదివి, కార్డు దించి, పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆయన అలా నవ్వి ఏడాది దాటింది. విషయం తెలిశాక నిదానం కూడా నవ్వాడు. టైలరమ్మకి ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఇంకొకప్పుడైతే తనూ నవ్వేది. ఇప్పుడు మాత్రం, చూశారా దీనికి బండి గురించి ఏం తెలుసు అన్నట్టే వినబడింది ఆ నవ్వు.

"ఎగతాళి తర్వాత. ముందు నాకు చెప్పు తమ్ముడూ, నా వైపు తిరిగి చెప్పు" అంది.

నిదానం ఆమె వైపు తిరిగాడు. గుడ్డ తీసి లోపలి గేర్లు చూపించాడు. "మలుపు తిరిగేటప్పుడు అక్కా, బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి, లోపలిది తక్కువ. ఆ తేడాని సర్దేది ఈ డిఫరెన్షియల్. మంచిదే. కానీ దీనికో దుర్గుణముంది. ఏ చక్రానికి పట్టు లేదో బలమంతా దానివైపే జారిపోతుంది. అందుకే ఆ రోజు ఒకటే తిరిగింది."

"మరి దానికి మందు?"

"రెండున్నాయి. ఒకటి లిమిటెడ్ స్లిప్. చక్రం మరీ జారుతుంటే తనంతట తనే కొంత బిగిసి, రెండోదానికి బలం పంచుతుంది. మీరేమీ ముట్టుకోనక్కర్లేదు. అది లోపలుందని కూడా మీకు గుర్తుండదు. రెండోది లాక్. దానికి మీట ఉంటుంది. వేశారా, రెండు చక్రాలూ ఒకే కడ్డీకి గుచ్చినట్టు కలిసి తిరుగుతాయి. ఒకటి గాల్లో ఉన్నా రెండోది లాగి బయటపడేస్తుంది. కానీ బండి ఆపి వెయ్యాలి, గట్టి నేల రాగానే తియ్యాలి. మర్చిపోయి రోడ్డు మీద అలాగే మలుపు తిప్పారనుకోండి, టైర్లు కీచుమంటాయి, స్టీరింగ్ తిరగనంటుంది, ఒక్కోసారి ఇరుసే విరుగుతుంది."

"మాకేది మంచిది?"

"మీరు పోయేది గడ్డి నేల, గులకరాళ్ల బాట, తడి రోడ్డు. నన్నడిగితే లిమిటెడ్ స్లిప్."

"లాక్" అన్నాడు ఆయన, ఎవరూ అడక్కుండానే.

"ఎందుకండీ?" అంది టైలరమ్మ.

"లాక్ ఉంటే ధైర్యం. అంతే."

"అంతే అంటే ఎలా? అతను చెప్పింది విన్నారుగా."

"విన్నాను. నువ్వే ముందు లాక్ అన్నావు, కార్డు మీద రాసుంది. ఇప్పుడు మాట మారుస్తావేం?"

నిదానం ఇద్దరి మధ్యా గోడమీద పిల్లిలా నిలబడ్డాడు. శుక్రవారం లోపు ఏదో ఒకటి చెప్పమన్నాడు. సామాను తెప్పించాలి, స్టాండ్లు ఇంకో బండికి కావాలి.

ఆ రెండు రోజులూ టైలరమ్మకి తల ప్రాణం తోకకొచ్చింది. ఆయన పూటకో కారణం చెప్పాడు. కాఫీ వేళకి, లిమిటెడ్ స్లిప్‌లో బిళ్లలు అరిగిపోతాయన్నాడు. అన్నం దగ్గర, చక్రం పూర్తిగా గాల్లోకి లేస్తే అది చేతులెత్తేస్తుందన్నాడు. సాయంత్రం, మా డిపోలో బస్సుల్ని లాగే బండికి లాకే ఉండేదన్నాడు. మన వాన్ బస్సుల్ని లాగదు కదండీ అంటే, ఏమో ఎవరు చెప్పొచ్చారన్నాడు. చెప్పేటప్పుడు ఆమె వంక చూడలేదు. చూపు సంగతి అలా ఉంచండి, ముఖమే తిప్పుకున్నాడు.

గురువారం ఆడపడుచు వచ్చింది. రెండు వీధుల అవతల ఉంటుంది. బడి ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైంది. తెలియని విషయం మీద సలహా ఇవ్వడానికి ఏమాత్రం మొహమాటపడని మనిషి.

"దీనికింత గొడవెందుకు వదినా? రెండూ వేయించు. ముందొకటి, వెనకొకటి."

"ముందు చక్రాలకి ఇంజన్ లాగుడు లేదే పిచ్చిదానా" అన్నాడు అన్నయ్య.

"ఎందుకు లేదు? అది పెట్టించండి ముందు."

ఆమె వెళ్లాక టైలరమ్మ కటింగ్ కాగితం మీద అడ్డంగా గీత గీసి, పైన లాక్ గుణాలు, కింద లిమిటెడ్ స్లిప్ గుణాలు రాయబోయింది. తనంతట తనే బిగుస్తుంది అన్నది మంచో చెడో తేల్చుకోలేక రెండు చోట్లా రాసింది. మర్చిపోతే విరుగుతుంది అన్నది కూడా అంతే. కాసేపటికి పైదేదో కిందదేదో ఆమెకే తెలియలేదు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. ఇక్కడ కప్పెవరో పామెవరో కూడా తెలియడం లేదు, అదీ ఆమె బాధ. కాగితం ఉండచుట్టి పారేసి, స్టెప్నీ చక్రానికి తొడుగు కుట్టడానికి కూర్చుంది.

గుండ్రటి బిళ్ల చుట్టూ పట్టీ ఎక్కించాలి. ఆ పని ఆమె నిద్రలో కూడా చేస్తుంది. బయటి అంచు పొడుగు, లోపలి అంచు పొట్టి. రెండింటినీ గట్టిగా పట్టుకుని ఒకే తీరున తోస్తే గుడ్డ ముడతలు పడుతుంది. ఒకదాన్ని కొంచెం వదులుతూ, మరీ జారిపోకుండా వేలితో ఆపుతూ తిప్పుకుంటూ పోవాలి. సగం చుట్టు తిరిగేసరికి ఆమె పాదం ఆగిపోయింది. బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలిది తక్కువ. గట్టిగా పట్టేసి తిప్పితే లాక్. వదులుతూ ఆపుతూ తిప్పితే లిమిటెడ్ స్లిప్. ఇంతేనా! ఇంతకాలం చేతి కిందున్న సంగతిని ఎవరో ఇనుముతో చేసి గ్రీజు పూసి, పెద్ద పేరు పెట్టి భయపెట్టారన్నమాట.

ఆ సంతోషం పది నిమిషాలు నిలిచింది. తర్వాత వచ్చిన ఆలోచన ఇంకా పాడుది. మిషన్ తొక్కే తనకే ఇది అర్థమైందంటే, ముప్ఫై మూడేళ్లు చక్రం తిప్పిన మనిషికి తెలియదా? తెలుసు. తెలిసీ లాక్ అంటున్నాడంటే ఒకటే కారణం. ఇది ఎక్కడ పడితే అక్కడ దిగబెడుతుంది, గొయ్యి కనబడితే చాలు దింపుతుంది, దీనికి మామూలు మందు చాలదు, పెద్దదే కావాలి. అదీ ఆయన మనసులో మాట. నోటితో అనలేక ఇనుముతో అంటున్నాడు.

అలా అనుకోగానే ఆమెకి కోపం రాలేదు, ఏడుపు వచ్చింది. ఏడ్చి, తొడుగు పూర్తి చేసి, దారం తెంపింది.

శుక్రవారం పొద్దున ఒక్కతే వర్క్‌షాపుకి నడిచి వెళ్లింది. "లిమిటెడ్ స్లిప్ వెయ్యి తమ్ముడూ" అంది, ఊపిరి తీసుకోకుండా. ఎవరి సాయం అక్కర్లేనిది, ఎవరూ ఏదీ నొక్కక్కర్లేనిది, తన మానాన తను పనిచేసుకునేది. ఆమెకిప్పుడు అలాంటిదే కావాలి.

నిదానం చెవి వెనక గోక్కున్నాడు. "వేస్తానక్కా. కానీ మరి బావగారి మీట సంగతి?"

"ఏ మీట?"

నిదానం ముఖం చూస్తే, అనకూడని మాట అన్నానని అతడికి అప్పుడే తెలిసినట్టుంది. మింగలేక కక్కలేక వాన్ పక్కసీటు తలుపు తెరిచాడు. డాష్‌బోర్డు కింద, ఆ సీటు వైపు, సుద్దముక్కతో చిన్న చతురస్రం గీసి ఉంది.

"నిన్న మధ్యాహ్నం వచ్చారు. ఒక్కరే. గోడలు తడుముకుంటూ వచ్చారక్కా, నాకు భయమేసింది. ఎక్కి కూర్చుని, చెయ్యి ఎక్కడికి అందుతుందో చూసుకుని, లాక్ మీట ఇక్కడ పెట్టమన్నారు. డ్రైవరు వైపు పెట్టాలి కదా బావగారూ అంటే, మీ అక్కకి అద్దాలూ గేర్లూ క్లచ్చూ చాలవా, ఇదొక్కటీ నాకుండనియ్యి అన్నారు."

"ఇంకేమన్నారు?"

"ఆ సీట్లో సామానులా కూర్చుంటున్నాను తమ్ముడూ అన్నారు."

టైలరమ్మ స్టాండ్ల మీదున్న వాన్లోకి జాగ్రత్తగా ఎక్కి, ఎప్పుడూ కూర్చోని ఆ సీట్లో కూర్చుంది. ఇక్కడ ఏమీ లేదు. సొరుగు ఒకటి, పట్టుకోవడానికి తలుపు పిడి ఒకటి. పాదాల కింద నున్నగా అరిగిన చాప. ముప్ఫై మూడేళ్లు నాలుగు పక్కలా చూస్తూ యాభై మంది ప్రాణాలు మోసిన మనిషిని తీసుకొచ్చి ఇక్కడ కూర్చోబెట్టింది తను. ఆయన రోజూ ఇక్కడ కూర్చుని లేని బ్రేకు తొక్కుతున్నాడు. రెండు రోజులుగా తను తన పరువు గురించే ఏడ్చింది. ఆయన ఏడుపు ఏమిటో అడగలేదు. అడగాలని తోచనే లేదు. ఆమెకి సిగ్గేసింది.

సిగ్గుపడినంత మాత్రాన అయోమయం తీరుతుందా? ఇంకో నాలుగు ముడులు పడ్డాయి. మంచిది లిమిటెడ్ స్లిప్ అని ఇప్పుడు ఆమెకి చేతులతో సహా తెలుసు. ఆయన కోసం లాక్ పెట్టిస్తే అది ప్రేమా, జాలా? జాలి అని తెలిస్తే ఆయన తట్టుకుంటాడా? దాన్నీ మించిన భయం ఇంకోటుంది. ఉత్త చాప తొక్కుతూనే ఇంత అధికారం చేసే మనిషి చేతికి నిజం మీట ఇస్తే, తను అడక్కముందే వేస్తాడు, చెప్పకముందే తీస్తాడు. అప్పుడు స్టీరింగ్ తన చేతిలో ఉన్నా బండి ఆయనదే అవుతుంది. తను ఉత్త చేతులవుతుంది. ఆయన్ని బండిలోకి ఎక్కించబోయి తను దిగిపోవడమవుతుందేమో.

"తమ్ముడూ, నిజం చెప్పు. లాక్ వేస్తే తప్పా?"

"తప్పు కాదక్కా. మర్చిపోతేనే తప్పు. బావగారు మర్చిపోయే మనిషేనా అన్నది నాకెలా తెలుస్తుంది, మీకు తెలియాలి."

మర్చిపోయే మనిషి కాదు. పడుకునే ముందు గ్యాసు కట్టావా అని రెండుసార్లు అడిగి, మూడోసారి తనే వెళ్లి తడిమి చూసుకుంటాడు. అది కాదు ఆమె సందేహం. ఆ సందేహానికి నిదానం దగ్గర సామాను లేదు.

"లాకే వెయ్యి" అంది. "మీట ఆ సుద్దగీత మీదే పెట్టు. వేసినప్పుడు వెలిగే దీపం మాత్రం నా ముందుండాలి."

"నిదానంగా ఆలోచించుకున్నారా అక్కా?"

"లేదు. ఆలోచిస్తే మళ్లీ మొదటికొస్తుంది. నువ్వు రాసుకో."

నిదానం కార్డు మీద నాలుగు దారాలు కొట్టేసి రాసుకున్నాడు. ఇంటికెళ్లి ఆమె "లాకే చెప్పాను" అని మాత్రం అంది. ఆయన "ఊఁ" అన్నాడు. మీట ఎటువైపో ఆమె చెప్పలేదు, ఆయన అడగలేదు. భార్యాభర్తలు ముప్ఫై అయిదేళ్లు కాపురం చేస్తే ఎంత తెలివిమీరుతారో చూడండి, ఇద్దరికీ తెలిసిన సంగతిని ఇద్దరూ ఒకరి దగ్గర ఒకరు దాచుకున్నారు.

పదిరోజులకి బండి సిద్ధమైంది. మధ్యాహ్నం ఇద్దరూ వెళ్లారు. వర్క్‌షాపు వెనక, బండ్లు కడిగే నీళ్లన్నీ పోయి నిలిచే పల్లం ఒకటుంది, ఎప్పుడూ బురదే. అందులోకి దింపి చూసుకోమన్నాడు నిదానం. దూరంగా సిమెంటు అరుగు మీద నిలబడ్డాడు, బట్టల మీద ఆశతో.

చెరువు గట్టు తర్వాత టైలరమ్మ మళ్లీ స్టీరింగ్ పట్టుకోవడం అదే. ఆయన పక్కసీటు ఎక్కి, డాష్‌బోర్డు కింద తడిమాడు. మీట చేతికి తగిలింది. చెయ్యి అక్కడే ఉంచాడు.

ఆమె బండిని నెమ్మదిగా పల్లంలోకి దింపింది. ముందు చక్రాలు దాటాయి. వెనకవి దిగాయి. ఒక్క నిమిషంలో ఆ పాత చప్పుడే మొదలైంది. ఒకటి గిర్రున తిరుగుతోంది, రెండోది కదలడం లేదు. బండి ఒక పక్కకి ఒరిగింది. నిదానం నేర్పినట్టు ఆమె కాలు తీసేసింది. చక్రం ఆగింది. ఇక మీట వెయ్యాలి.

ఆమె ఎదురుచూసింది. ఇప్పుడు వేస్తాడు. తను అడక్కముందే వేస్తాడు, వేసి "ఊఁ, పోనియ్యి" అంటాడు. అనేశాక ఏం చెయ్యాలో కూడా ఆమె ఆలోచించి పెట్టుకుంది. బండి బయటికి తీసి, ఆపి, తాళం చెవి నిదానం చేతికిచ్చి, నడిచి ఇంటికి వెళ్లిపోతుంది.

ఆయన వెయ్యలేదు. చెయ్యి మీట మీదే ఉంది. ముఖం నిటారుగా అద్దం వైపే ఉంది.

మర్చిపోయాడా? కనబడటం లేదా? అలిగాడా? ఆమెకి ఏమీ అర్థం కాలేదు.

"ఏమండీ" అంది చివరికి.

"ఊఁ."

"వెయ్యరేం?"

"నువ్వు చెప్పలేదుగా."

"నేను చెప్పాలా?"

"నువ్వు చెప్పకుండా నేనెలా వేస్తాను?" అన్నాడు ఆయన, అంత తెలివితక్కువ ప్రశ్న ఎక్కడా వినలేదన్నట్టు. "నడిపేది నువ్వు."

ఆమె స్టీరింగ్ వంక చూసింది. ఆ మాట ఇంకోసారి అనమని అడగాలనిపించింది, అడగలేదు. "వెయ్యండి" అంది.

టక్కుమంది. ఆమె ముందు పసుప్పచ్చ దీపం వెలిగింది. మెల్లగా తొక్కితే రెండు చక్రాలూ కలిసి పట్టుకున్నాయి. వాన్ ఒళ్లు విరుచుకున్నట్టు ఒకసారి మూలిగి, బురదలోంచి లేచి, గట్టెక్కి, సిమెంటు నేల మీదికి వచ్చింది. నిదానం అరుగు మీంచి ఏదో అరిచాడు, వినబడలేదు. ఆమె బండి ఆపింది. కళ్ల నిండా నీళ్లు. ఎదురుగా దీపం అలికినట్టు కనబడుతోంది.

"గట్టి నేల వచ్చినట్టుంది. తియ్యమంటావా?" అన్నాడు ఆయన.

ఆమె తలూపింది.

ఆయన చెయ్యి మీట మీదే ఉంది, కదల్లేదు. చివరికి విసుక్కున్నాడు.

"పక్కన కూర్చుని తలూపితే నాకేం కనబడుతుందే? డ్రైవరన్నాక నోటితో చెప్పాలి."

"తియ్యండి" అంది టైలరమ్మ.